కాలి బలమా, గాలి బలమా?

ఫ్రాన్సు దేశములోని ల మాన్ పట్టణము దగ్గర 1923లో ఒక కారు పందెము మొదలైనది. నేటికిని అది ప్రసిద్ధమైన పందెమే. పగలు, రాత్రి 24 గంటలు ఎడతెగక నడిపి, అందరికంటె ఎక్కువ దూరము పోయిన కారునకు గెలుపు దక్కును. 1953 జూన్ నెలలో పందెము జరిగినపుడు ఆ బాట చుట్టుకొలత 13 కిలోమీటర్లకు పైన. అందులో సుమారు 6 కిలోమీటర్లు తిన్నని దారి. ఆ దారి చివర, ముల్సాన్ అను గ్రామము దగ్గర, కుడివైపునకు ఒక్కసారిగా తిరిగే మలుపు కలదు. గంటకు 240 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఈ మలుపు తిరుగవలెనన్న మామూలు బస్సు వేగమునకు దిగవలసినదే. ఈ పని ఇంచుమించు అయిదు నిమిషముల కొకసారి, పగలంతయు రాత్రియంతయు జరుగవలెను.

ఆ సంవత్సరము గెలిచినది బ్రిటిషు జాగ్వారు సంస్థవారి ‘సి-టైపు’ కారు. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ అను ఇద్దరు దానిని వంతులవారీగా నడిపినారు. సగటు వేగము గంటకు 170 కిలోమీటర్లు. అంతకు ముందు ఆ పందెములో ఏ కారును గంటకు 100 మైళ్ళ సగటును, అనగా 161 కిలోమీటర్లను, దాటలేదు. రెండవ స్థానము, నాల్గవ స్థానము కూడ జాగ్వారు కార్లకే వచ్చినవి. మూడవదిగా వచ్చిన అమెరికా దేశపు కన్నింగ్‌హామ్ కారు తిన్నని దారిలో జాగ్వారునకు ఏమాత్రము తీసిపోలేదు. తేడా దారి చివరనే వచ్చినది. కన్నింగ్‌హామ్ కారునకు పాత పద్ధతి డ్రమ్ము బ్రేకులు. జాగ్వారునకు డన్‌లప్ సంస్థవారు రూపొందించిన కొత్త డిస్కు బ్రేకులు. డిస్కు బ్రేకుల కారు నడుపువాడు మలుపునకు మరికొంత దగ్గరగా పోయిన తరువాతనే బ్రేకు వేయగలిగినాడు. తెల్లవారిన తరువాత కూడ ఆ బ్రేకులు సాయంకాలము పట్టినట్లే పట్టినవి.

ఈ గెలుపును డిస్కు బ్రేకుల గెలుపుగా చెప్పుట పరిపాటి. అది నిజమే. కాని అందులోనే అంతగా చెప్పుకొనని మరొక సంగతి ఉన్నది. ఆ బ్రేకులు కేవలము నడుపువాని కాలి బలముతో పనిచేయలేదు. గేరుపెట్టెనుండి తిరిగే ఒక పంపు వానికి తోడ్పడినది. బ్రేకునకు కాలి బలము చాలునా, యంత్రసహాయము కావలెనా అను ప్రశ్న అటుపిమ్మట ఇరువది సంవత్సరములు స్పోర్ట్సు కార్లు చేయువారిని, కొనువారిని వెంటాడినది. సహాయము ఉన్నచో మేలే గదా అని మొదట తోచును. చరిత్ర చెప్పిన సమాధానము అంత సులభమైనది కాదు.

బ్రేకు ఏమి చేయును?

1,000 కిలోగ్రాముల కారు గంటకు 240 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దాని గతిజ శక్తి సుమారు 22 లక్షల జౌళ్ళు. వేగము గంటకు 60 కిలోమీటర్లకు దిగునప్పటికి ఇందులో 21 లక్షల జౌళ్ళకు దగ్గరగా వదిలించుకొనవలెను. శక్తి నశింపదు. కావున అందులో అధిక భాగము కొద్ది క్షణములలో బ్రేకులయందు వేడిగా మారును. 30 డిగ్రీల వెచ్చదనముగల ఏడు లీటర్ల నీటిని మరుగువరకు కాచుటకు చాలునంత వేడి అది.

ఈ శక్తిని కాలు అడ్డుకొనుట లేదు. అడ్డుకొనునది ఘర్షణ. కాలి పని రెండు తలములను గట్టిగా అదిమి ఉంచుట మాత్రమే. ఆ అదుమునకు కూడ ఒక హద్దు కలదు. చక్రమును ఎంత గట్టిగా పట్టినను, కారును ఆపునది చివరకు టైరునకు రోడ్డునకు నడుమగల ఘర్షణయే. ఆ హద్దు దాటినచో చక్రము తిరుగుట మాని రోడ్డుపై జారును. ముందు చక్రములు జారునపుడు స్టీరింగు త్రిప్పినను కారు మాట వినదు.

విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. ఘర్షణ గుణకము 0.8 అనుకొన్నచో, గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఆగుటకు కనీసము 49 మీటర్లు కావలెను. వేగపు వర్గమును, ఘర్షణ గుణకమునకును గురుత్వ త్వరణమునకును గల లబ్ధమునకు రెట్టింపుతో భాగించిన ఈ సంఖ్య వచ్చును. ఈ సూత్రములో కారు బరువు లేదు. కాలి బలము లేదు. సహాయక యంత్రము కూడ లేదు. కాలి బలముతోనే చక్రములను జారుటకు సిద్ధమగునంతగా పట్టగలిగినచో, యంత్రసహాయము ఆగుదూరమును ఒక్క అడుగైనను తగ్గింపదు. సహాయక యంత్రము కారును త్వరగా ఆపదు, సులువుగా ఆపును. ఈ భేదము గ్రహించినచో తక్కిన చరిత్ర అంతయు అర్థమగును.

కాలి బలము ఎట్లు పెరుగును?

సహాయక యంత్రము లేని బ్రేకులో కూడ కాలి బలము అనేక రెట్లు పెరుగును. మొదటిది మీట. పెడలు ఒక పొడవైన మీట. కాలు 25 కిలోల బలముతో నొక్కినచో, అయిదు రెట్ల మీట దానిని 125 కిలోలు చేయును. రెండవది పాస్కల్ సూత్రము. మూసిన పాత్రలోని ద్రవముపై కలిగించిన పీడనము అన్ని దిక్కులకు సమముగా వ్యాపించును. పెడలు దగ్గరి ప్రధాన సిలిండరు వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లయినచో, ద్రవములో చదరపు సెంటీమీటరునకు సుమారు 31 కిలోల పీడనము కలుగును. చక్రము దగ్గరి పిస్టను వైశాల్యము 20 చదరపు సెంటీమీటర్లయినచో, అక్కడ 625 కిలోల బలము లభించును.

ఇంకను ఎక్కువ కావలెనన్న ప్రధాన సిలిండరును సన్నము చేయవచ్చును. వైశాల్యము 3 చదరపు సెంటీమీటర్లయినచో చక్రము దగ్గరి బలము సుమారు 830 కిలోలకు పెరుగును. కాని ఈ లాభము ఉచితముగా రాదు. సన్నని సిలిండరు అంతే ద్రవమును త్రోయవలెనన్న ఎక్కువ దూరము కదలవలెను. అనగా పెడలు లోతుగా దిగవలెను. పెడలు కింద ఉన్న జాగా కొద్దిపాటిది. అది ముగిసిన తరువాత కాలు నేలను తాకునే గాని బ్రేకును నొక్కదు. బలములో లాభము, దూరములో నష్టము అను యంత్రశాస్త్ర నియమము ఇక్కడ స్పష్టముగా కనిపించును. సూది తీసిన రెండు పిచికారీలను, ఒకటి సన్ననిది ఒకటి లావుది, నీరు నింపిన రబ్బరు గొట్టముతో కలిపి బడిలోనే దీనిని చూపవచ్చును. సన్నని దానిని నొక్కు పిల్లవాడు లావు దానిని నొక్కు పెద్దవాని బలమును నిలువరించును. కాని లావు పిచికారీ కొంచెము కదలుటకు సన్నని పిచికారీ చాలదూరము దిగవలసి ఉండును.

డ్రమ్ము ఇచ్చిన ఉచిత సహాయము

డ్రమ్ము బ్రేకు, డిస్కు బ్రేకు రెండును ఇంచుమించు ఒకే కాలమునాటివి. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును, ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు డిస్కు బ్రేకును రూపొందించినారు. డ్రమ్ము బ్రేకులో చక్రముతోపాటు ఒక లోహపు గుండిగ తిరుగుచుండును. పెడలు నొక్కినపుడు దాని లోపలి బద్దలు రెండు వెలుపలికి జరిగి గుండిగ అంచును ఒరయును. ఇందులో ఒక చమత్కారమున్నది. గుండిగ తిరుగుడు ముందువైపు బద్దను తనతో ఈడ్చుకొనిపోవ జూచును. ఆ ఈడ్పు వలన బద్ద మరింత గట్టిగా గుండిగలోనికి అదుముకొనును. పరుగెత్తుచున్న కారే తన్ను ఆపుటకు కాలికి తోడ్పడినట్లయినది. డ్రమ్ము బ్రేకు యాబది సంవత్సరములు రాజ్యమేలుటకు ఇది ఒక ముఖ్య కారణము.

కాని ఈ సహాయము నమ్మదగినది కాదు. అది ఘర్షణపై ఆధారపడినది. బ్రేకు వేడెక్కి ఘర్షణ కొంచెము తగ్గినచో, ఒరపిడి తగ్గుటయే గాక ఉచిత సహాయము కూడ తగ్గును. నష్టము రెండింతలగును. పైగా వేడికి గుండిగ వ్యాకోచించి బద్దలనుండి దూరముగా జరుగును. కొండ దిగునపుడు బ్రేకు క్రమక్రమముగా చచ్చిపోవుట పాత కార్లు నడిపినవారికి బాగుగా తెలియును.

డిస్కు బ్రేకు సైకిలు బ్రేకు వంటిది. సైకిలు చక్రపు అంచును రెండు రబ్బరు ముక్కలు ఇరువైపుల పట్టినట్లు, తిరుగు ఇనుప బిళ్ళను రెండు ప్యాడులు ఇరువైపుల పట్టుకొనును. బిళ్ళకు గాలి బాగుగా తగులును, వేడి త్వరగా పోవును. వ్యాకోచించినను బిళ్ళ ప్యాడులకు దూరము కాదు. నొక్కిన బలమునకు తగినట్లే పట్టు ఉండును. కాని ప్యాడు బిళ్ళ తిరుగు దిక్కునకు లంబముగా నొక్కును గనుక, తిరుగుడు దానిని లోనికి ఈడ్వదు. డ్రమ్ము ఇచ్చుచుండిన ఉచిత సహాయము ఇందులో బొత్తిగా లేదు. అదే పట్టు కావలెనన్న కాలు చాల గట్టిగా నొక్కవలెను. 1950ల తరువాత స్పోర్ట్సు కార్లలో యంత్రసహాయము ప్రశ్నగా లేచుటకు మూలము ఇదే. నమ్మకము వచ్చినది, దానితో భారము కూడ వచ్చినది.

గాలి చేయు ఊడిగము

బ్రేకునకు యంత్రసహాయము అంతకు ముందే ఉన్నది. 1919లో హిస్పానో-సూయిజా వారు తమ హెచ్-6 కారులో గేరుపెట్టె తిరుగుడునుండి బలము తీసికొని బ్రేకులను లాగు సాధనమును పెట్టినారు. 1924 ప్రాంతమున రోల్స్-రాయ్స్ వారు ఆ పద్ధతిని స్వీకరించినారు. బెల్జియము దేశపు ఇంజనీరు ఆల్బర్ట్ దెవాంద్ర్ మరొక మార్గము త్రొక్కినాడు. మన చుట్టునున్న గాలి చేతనే ఆయన ఈ పని చేయించినాడు. 1927లో జర్మనీలో బాష్ సంస్థ ఈ సాధనమును అమ్మకమునకు తెచ్చినది.

దీని పని తెలిసికొనుట కష్టము కాదు. పెట్రోలు ఇంజనునకు గాలి పోవు గొట్టములో ఒక రెక్క ఉండును. నడుపువాడు యాక్సిలరేటరునుండి కాలు తీయగానే ఆ రెక్క మూసికొనును. లోపలి పిస్టనులు మాత్రము గాలిని పీల్చుచునే ఉండును. అందుచేత రెక్క వెనుక పీడనము వాతావరణ పీడనములో మూడవ వంతునకు పడిపోవును. బ్రేకు వేయవలసినది సాధారణముగా ఆ సమయముననే. ఒక గుండ్రని డబ్బాను రబ్బరు పొరతో రెండు గదులుగా విభజించి, రెండింటిని ఆ గొట్టమునకు కలుపుదురు. పెడలు నొక్కినపుడు ఒక చిన్న కవాటము తెరచుకొని వెనుక గదిలోనికి బయటి గాలిని విడుచును. ముందు గదిలో పీడనము తక్కువ, వెనుక గదిలో ఎక్కువ. పొర ముందుకు త్రోయబడి ప్రధాన సిలిండరును నొక్కును. డబ్బా వ్యాసము 20 సెంటీమీటర్లయినచో పొర వైశాల్యము సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. పీడనములలోని తేడా చదరపు సెంటీమీటరునకు 0.7 కిలోలయినచో, గాలి 220 కిలోల బలముతో త్రోయును. పై లెక్కలో కాలు, మీట కలిసి ఇచ్చినది 125 కిలోలు మాత్రమే. ఈ డబ్బా కాలి నొక్కుడునకు తగినంతే తోడ్పడునట్లు కవాటము అమర్చబడి ఉండును.

మూడు కార్లు, మూడు సమాధానములు

1961లో జెనీవా ప్రదర్శనలో జాగ్వారు వారు ‘ఈ-టైపు’ కారును చూపినారు. నాలుగు చక్రములకు డిస్కు బ్రేకులు, వానికి శూన్యసహాయము. కారు బరువు 1,200 కిలోలకు పైన, ఇంజను ముందున్నది. కాలి బలమొక్కటే చాలదని వారు నిశ్చయించినారు. కాని మొదట అమర్చిన సాధనము అందరిని మెప్పింపలేదు. పెడలు నొక్కుటకును బ్రేకు పట్టుటకును నడుమ తగిన పొత్తు లేదను విమర్శ వచ్చినది. 1964లో 4.2 లీటర్ల ఇంజనుతో కారును సవరించినపుడు ఆ సాధనమును కూడ మార్చినారు. సహాయము ఉండుట వేరు, మంచి సహాయము ఉండుట వేరు అని ఈ అనుభవము నేర్పినది.

జర్మనీలో పోర్షె సంస్థ దీనికి భిన్నమైన మార్గము ఎంచుకొన్నది. 1964లో తయారీ మొదలైన ‘911’ కారు నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులే, కాని శూన్యసహాయము లేదు. కారు బరువు సుమారు 1,080 కిలోలే. ఇంజను వెనుక ఉండుటచే బ్రేకు వేసినపుడు వెనుక చక్రములు కూడ పనిలో మంచి వంతు పంచుకొనును. కాలి బలము చాలినది. టైరు జారుటకు సిద్ధమగుచున్న సంగతి పెడలు ద్వారా పాదమునకు సూటిగా తెలియుట నడుపువారికి నచ్చినది.

అమెరికాలో జనరల్ మోటార్సు వారు నిర్ణయమును కొనువానికే వదలివేసినారు. 1963నాటి ‘కొర్వెట్’ కారునకు డ్రమ్ము బ్రేకులు. శూన్యసహాయము కోరినవారికి అదనపు వెలకు అమర్చెడివారు. 1965లో నాలుగు చక్రములకు డిస్కు బ్రేకులు వచ్చినవి. అప్పుడును యంత్రసహాయము కోరినవారికే. బ్రేకు పెడలు మీటపై రెండు రంధ్రములు ఉండెను. సహాయము లేని కారులో నొక్కుడు కమ్మిని కీలునకు దగ్గరగానున్న పై రంధ్రమునకు తగిలింతురు. మీట బలము హెచ్చును. సహాయమున్న కారులో కింది రంధ్రమునకు తగిలింతురు. పెడలు కొద్ది దూరము దిగినచాలును. పైన చెప్పిన యంత్రశాస్త్ర నియమమంతయు ఆ రెండు రంధ్రములలో ఇమిడి ఉన్నది.

ఈ ఎంపికలో మరొక చిక్కు ఉన్నది. పందెపు ఇంజనులలో గాలి లోనికి వచ్చు కవాటము, పొగ వెలికిపోవు కవాటము కొంతసేపు కలిసి తెరచి ఉండునట్లు చేయుదురు. ఎక్కువ వేగమున దీనివలన శక్తి పెరుగును. కాని ఇంజను మెల్లగా తిరుగునపుడు గొట్టములోని శూన్యము బలహీనమగును. పీడనపు తేడా సగమైనచో 220 కిలోల సహాయము 110 కిలోలే అగును. ఇంజను ఎంత పందెపుదైనచో గాలి ఊడిగము అంత తగ్గును. అట్టి కారునకు కాలినే నమ్ముకొనుట మేలని కొందరు భావించుటకు ఇది గట్టి కారణము.

నేటికిని ఆ పాత కార్లను భద్రపరచి నడుపువారు ఈ ప్రశ్నను ఎదుర్కొనుచునే ఉన్నారు. వారిలో కొందరు డబ్బాను తీసివేసిన చాలునని తలతురు. అది ప్రమాదకరము. సహాయమున్న బ్రేకునకు మీట పొట్టి, ప్రధాన సిలిండరు లావు. డబ్బా ఒక్కటే తీసి, తక్కినవి అట్లే ఉంచినచో పెడలు రాయివలె గట్టిపడును. ఆపదలో కాలి బలము చాలకపోవచ్చును. మీట, సిలిండరు, డబ్బా మూడును ఒకే లెక్కలోని అంకెలు. ఒకటి మార్చినచో తక్కినవి కూడ మార్చవలసినదే.

ఇంజను ఆగినచో

కాల క్రమమున కార్లు బరువెక్కినవి, డిస్కు బ్రేకులు మామూలైనవి. నేడు మన రోడ్లపై తిరుగు కార్లలో ఇంచుమించు అన్నింటికి బ్రేకు సహాయము కలదు. అందుచేత పాత స్పోర్ట్సు కార్ల ప్రశ్నలోని ఒక పాఠము నేడు అందరికి అవసరమైనది. అరువు తెచ్చుకొన్న బలము ఇచ్చువాడు ఉన్నంతవరకే ఉండును. శూన్యమును ఇచ్చునది నడుచుచున్న ఇంజను. అది ఆగినచో డబ్బాలో నిలువయున్న శూన్యము రెండు మూడు నొక్కుళ్ళకు మాత్రమే వచ్చును. ఆ పిమ్మట పెడలు ఒక్కసారిగా గట్టిపడును. బ్రేకు పోయినదని నడుపువాడు బెదరిపోవును. నిజమునకు బ్రేకు పోలేదు, సహాయము పోయినది. రెండు కాళ్ళతోనైనను శక్తి కొలది నొక్కినచో అది పట్టును.

పెట్రోలు ఆదా అగునని ఘాటు రోడ్డుపై ఇంజను ఆపి కారును జారవిడుచుట ఎంత తెలివితక్కువ పనియో దీనివలన తెలియును. సహాయము పోవును, తక్కువ గేరులో నడుచు ఇంజను ఇచ్చు నిరోధము కూడ పోవును, వేడి అంతయు బ్రేకులపైననే పడును. కొండ దిగునపుడు ఇంజను నడుచుచుండవలెను, గేరు తక్కువదై ఉండవలెను.

1953లో ముల్సాన్ మలుపు దగ్గర జాగ్వారు నడిపినవారికి పంపు తోడ్పడినది. కాని బ్రేకు ఎక్కడ మొదలుపెట్టవలెనో, టైరు పట్టు ఎక్కడ ముగియునో ఆ పంపునకు తెలియదు. ఆ లెక్క పాదమునకును మెదడునకును వదలివేయబడినది. సహాయము కాలి శ్రమను తగ్గించినది గాని, టైరునకును రోడ్డునకును నడుమనున్న హద్దును ఒక్క వ్రేలెడు కూడ జరుపలేదు.